ముందు ఆవిడ పద్దు రాయండి: తక్కువ డబ్బుతో ఒక క్రైమ్ సినిమా తీయడం ఎలా

పదకొండేళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు ఒక షాటుకీ ఇంకో షాటుకీ తేడా రాకుండా చూసే కంటిన్యుటీ షీట్లు రాయడమే సరిపోయింది. హీరో చొక్కా రెండో గుండీ పెట్టుకున్నాడా లేదా, టీ గ్లాసు ఏ చేతిలో ఉంది, బొట్టు ఎంత సైజు. ఆ తర్వాత మా ఊరు బందరు వెళ్లి 18 లక్షల 60 వేల రూపాయల్లో, 19 రోజుల్లో, పదకొండు మంది యూనిట్‌తో ఒక సినిమా తీశాను. ఇల్లు గడవక ఒక తప్పు చేసి, దాన్ని కప్పుకోలేక అల్లాడే ఆడమనిషి కథ. అప్పటినుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి "అక్కా, నా దగ్గర ఇలాంటి కథే ఉంది, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే రాస్తున్నాను.

ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. మీ కథలో ఆవిడ నెల ఖర్చు ఎంత? చాలామంది దగ్గర జవాబు ఉండదు. "కష్టాల్లో ఉంటుందక్కా, మొగుడు తాగుబోతు" అంటారు. అది సరిపోదు. ఎన్ని రూపాయల కష్టం? ఏ తారీఖుకి? ఎవరికి కట్టాలి? ఇవి తెలియకుండా ఆవిడ చేత దొంగతనం చేయిస్తే, చూసేవాడికి ఆవిడ దొంగలాగే కనిపిస్తుంది. ఆ తర్వాత మీరు ఎంత వయొలిన్ వాయించినా లాభం లేదు.

పద్దు

స్క్రిప్టు పక్కన పెట్టి ఒక చిల్లర కొట్టు పద్దు పుస్తకం కొనుక్కోండి. ఎడమ వైపు జమ, కుడి వైపు ఖర్చు. మా కథలో ఆవిడ పేరు రత్నం. ఊరు బందరు పక్కన చిలకలపూడి. రోల్డ్ గోల్డ్ నగలకు పేరున్న చోటు కాబట్టి ఆవిడ చేసే పని కూడా అదే. కవరింగ్ గొలుసులకు కొక్కేలు అతికించడం, రాళ్లు పొదగడం, మెరుగు పెట్టడం. నేను రాసుకున్న పద్దు ఇదీ: రోజుకు 380 చొప్పున 24 రోజుల కూలి 9,120. రాత్రిళ్లు ఇంటి దగ్గర పూసలు గుచ్చితే 1,400. మొత్తం జమ 10,520.

ఖర్చు. అద్దె 3,200. డ్వాక్రా వాయిదా 1,950. వెచ్చాలూ కూరగాయలూ కలిపి 4,000, అదీ రేషన్ బియ్యం ఉండబట్టి. గ్యాస్ 900. కరెంటు 340. ఫోన్ రీచార్జి 300. కూడితే 10,690. అంటే ఎవరికీ జ్వరం రాకుండా, ఒక్క పెళ్లికి కూడా చదివింపు పెట్టకుండా, ఏ పండక్కీ బట్టలు కొనకుండా బతికినా నెలకు 170 రూపాయలు తక్కువ. మొగుడు చీటీ పాడి ఆ డబ్బుతో ఊరొదిలి వెళ్లిపోయాడు. కూతురికి నర్సింగ్ రెండో ఏడాది ఫీజు 46,000, ఇరవయ్యో తారీఖు లోపు కట్టాలి.

ఈ లెక్క రాసుకున్న రోజు రాత్రి నాకు కథ దొరికింది. అంతకు ముందు నాలుగు నెలలు మాఫియా, గంజాయి, ఎమ్మెల్యే తమ్ముడు అంటూ ఏవేవో రాశాను. అవన్నీ చింపేశాను. నెలకు 170 రూపాయలు తగ్గే మనిషికి ఎమ్మెల్యే తమ్ముడితో పనేముంది?

లెక్క సినిమాను ఎలా నడిపిస్తుందో చూడాలంటే 'ఫ్రోజెన్ రివర్' చూడండి. కోర్ట్నీ హంట్ రాసి తీసిన సినిమా, 2008లో సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దు దగ్గర జరిగే కథ. బండికి కట్టి తెచ్చే కొత్త ట్రైలర్ ఇల్లు కొనడానికి దాచిన డబ్బు జూదగాడైన మొగుడు పట్టుకుపోతాడు. చిన్న కొట్లో పార్ట్ టైమ్ పని చేసుకునే ఆవిడ, అక్కడి మోహాక్ తెగ అమ్మాయి ఒకామెతో కలిసి, గడ్డకట్టిన నది మీదుగా కారు డిక్కీలో మనుషుల్ని సరిహద్దు దాటించడం మొదలుపెడుతుంది. పేదరికం గురించి ఆ సినిమాలో ఒక్క ఉపన్యాసం లేదు. పిల్లలకు రాత్రి భోజనం పాప్‌కార్న్, టాంగ్. అంతే, మనకు అర్థమైపోతుంది. ఆ పాత్ర వేసిన మెలిస్సా లియోకు ఉత్తమ నటిగానూ, హంట్‌కు స్క్రీన్‌ప్లేకీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఇంకో విషయం, హంట్ ముందు ఇదే కథను షార్ట్ ఫిల్మ్‌గా తీసింది. మీరు కూడా ముందు పది నిమిషాలది తీసి చూసుకోండి. నేను తీయలేదు, తర్వాత బాధపడ్డాను.

దాన్ని మాత్రం కాపీ కొట్టకండి. మన దగ్గర నది గడ్డకట్టదు. మన ఆడవాళ్ల అవసరాలు బంగారం దగ్గరో, చీటీ దగ్గరో, డ్వాక్రా మీటింగులోనో తేలతాయి. వెతకాల్సింది అక్కడ.

నేరం అవసరం కంటే పెద్దదిగా ఉండకూడదు

రత్నం చేసే తప్పు ఇది. పక్కింటి పిన్నిగారు తన మూడు కాసుల గొలుసుకి కొక్కెం ఊడిపోయిందని, కాస్త మెరుగు కూడా పెట్టించి ఇమ్మని రత్నం చేతికి ఇస్తుంది. కాసు అంటే మా వైపు 8 గ్రాములు, కాబట్టి 24 గ్రాములు. రత్నం అచ్చంగా అలాంటిదే కవరింగ్ గొలుసు చేసి పిన్నిగారికి ఇచ్చి, అసలుది తాకట్టు కొట్లో పెడుతుంది. కథ జరిగేది 2022లో. అప్పటి ధరకు కొట్టు ఆయన "ఎనభై వేల దాకా ఇస్తానమ్మా" అంటాడు. ఆవిడ 46,000 చాలంటుంది.

ఆ "చాలు" అన్న మాటే సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టం. ఇంకో 34,000 తీసుకుని ఉంటే ఆవిడ వేరే మనిషి అయ్యేది. మీ కథలో కూడా ఈ గీత ఎక్కడుందో చూసుకోండి. అవసరం 46,000 అయితే 46,000 దగ్గరే ఆపండి.

తర్వాత పద్దులోకి ఇంకో గీత చేరుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకు 920. ఇదివరకే 170 తక్కువ. కలిపితే నెలకు 1,090 ఎక్కడినుంచో తేవాలి. వడ్డీయే కట్టలేనిది అసలు ఎప్పుడు విడిపిస్తుంది? మా సినిమాలో విలన్ లేడు. ఎవరైనా అడిగితే ఆ 1,090 చూపిస్తాను. ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి పద్దు పుస్తకం మళ్లీ తెర మీదకు వస్తుంది. ఒకసారి గ్యాస్ కొట్టేసి కట్టెలు అని రాసుకుంటుంది. ఒకసారి ఫోన్ రీచార్జి కొట్టేస్తుంది, అప్పటినుంచి కూతురి ఫోన్ రాదు. మూడు పేజీల ఏడుపు డైలాగులు రాసే పని తప్పింది నాకు.

పని తెలిసినవాళ్లను అడగండి, స్క్రిప్టు పూర్తయ్యాక కాదు

నేను పూర్తి చేసిన తర్వాత అడిగాను. నలభై ఏళ్లుగా కవరింగ్ పని చేస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు, నాకు దూరపు చుట్టం, బాబాయ్ అని పిలుస్తాను. కథంతా విని ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి రెండు గొలుసులు తెచ్చాడు. ఒకటి ఆయన భార్య మెడలోది, ఇంకోటి కవరింగ్‌ది. కళ్లు మూసుకోమని చెరో అరచేతిలో పెట్టాడు.

"ఏది బంగారం, అమ్మాయ్?"

కుడి చేతిలోది అన్నాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు. రాగి కంటే 22 క్యారెట్ల బంగారం దాదాపు రెట్టింపు బరువు. 24 గ్రాముల గొలుసుని అదే సైజులో రాగితో చేస్తే సుమారు 12 గ్రాములు తూగుతుంది. ఇరవై ఏళ్లు మెడలో వేసుకున్న మనిషికి తెలియకుండా ఉంటుందా?

"కంటికి ఎలాగోలా సర్దిచెప్పొచ్చమ్మా, మెడకి చెప్పలేం" అన్నాడు.

నా కథ అక్కడే కూలిపోయింది. 110 పేజీల బౌండ్ స్క్రిప్టు. రెండు వారాలు అన్నం సహించలేదు. పిన్నిగారు గొలుసు పెట్టెలో దాచుకుంటుందని రాద్దామా, చూపు ఆనదని రాద్దామా, లోపల సీసం పోయిద్దామా అని ఏవేవో అనుకున్నాను. చివరికి రాసింది ఇది. రత్నం గొలుసు తెచ్చి ఇస్తుంది. పిన్నిగారు మెడలో వేసుకుంటుంది. చెయ్యి గొలుసు మీదకు వెళ్తుంది. రెండు వేళ్లతో కాస్త పైకెత్తుతుంది, వదులుతుంది. మళ్లీ ఎత్తుతుంది. రత్నం నేల చూపులు చూస్తూ ఉంటుంది. పిన్నిగారు కొంగు సర్దుకుని "టీ తాగుతావా?" అంటుంది.

అంతే సీను. నలభై సెకన్లు, ఒకటే షాటు. అక్కడినుంచి పిన్నిగారికి తెలుసని మనకు తెలుసు, రత్నానికి తెలియదు. అంతకు ముందు నా స్క్రిప్టులో సస్పెన్స్ అంతా "దొరుకుతుందా లేదా" అన్నదే. ఇప్పుడు "ఈవిడ ఎందుకు అడగట్లేదు" అన్నది వచ్చింది. బాబాయ్ ఆ రెండు గొలుసులు తేకపోతే ఈ సీను లేదు. అందుకే చెబుతున్నాను, మీ కథ బట్టల కొట్లో జరిగితే బట్టల కొట్లో, రొయ్యల షెడ్డులో జరిగితే రొయ్యల షెడ్డులో కనీసం వారం కూర్చోండి. సలహాలు అడగకండి, కథ చెప్పి ఊరుకోండి. తప్పు ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు.

ఇదే పద్ధతిలో బ్యాంకు సీను కూడా మారింది. పిన్నిగారి కొడుకు ఆ గొలుసుని బ్యాంకులో పెట్టడానికి తీసుకెళ్తాడు. నేను బ్యాంకులో బంగారం పరీక్షించే అప్రైజర్ భూతద్దంలో చూసి "ఇది నకిలీ!" అని అరిచేటట్టు రాశాను. నిజానికి అలా ఎవరూ అరవరు. గీటురాయి మీద నగను ఒక్క గీత గీస్తాడు. దాని మీద ఒక చుక్క యాసిడ్ వేస్తాడు. బంగారపు గీత అలాగే ఉంటుంది. రాగి, ఇత్తడి అయితే ఆకుపచ్చగా నురగ కట్టి గీత మాయమైపోతుంది. ఆ తర్వాత ఆయన తలెత్తకుండానే నగను ట్రేలో పెట్టి వెనక్కి తోస్తాడు. మేం కూడా అంతే తీశాం. మాటలు లేవు. కెమెరా గీటురాయి మీదే ఉంటుంది, గీత ఉండి ఉండి పోతుంది. మూడు వందల రూపాయల రాయితో తీసిన షాట్ అది. ఇప్పుడు కొత్త నగల మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ అనే హాల్‌మార్క్ నంబరు ఉంటుంది కదా అని ఒకాయన అడిగాడు. అమ్మే నగలకు అది 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. మా కథ అంతకు ముందుది, గొలుసు ఇంకా పాతది. మీ కథ ఇప్పటిదైతే ఆ నంబరు సంగతి చూసుకోండి.

పోలీసులు

మన సినిమాల్లో ఆడవాళ్లను అర్ధరాత్రి జీపెక్కిస్తారు. చూసేవాళ్లకు అలవాటైపోయింది కూడా. కానీ సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. సాక్షిగా విచారించాలన్నా ఆడవాళ్లను స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టకూడదు, వాళ్లుండే చోటికే వెళ్లి అడగాలి. అరెస్టు చేస్తే 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఇవి అరెస్టులూ విచారణా ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్పీసీలోనూ ఉన్నాయి, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లోనూ ఉన్నాయి. బయట ఇవన్నీ పాటిస్తున్నారా అంటే అది వేరే మాట. మీ పాత్ర నియమం తప్పితే, తప్పుతున్నానని తెలిసి తప్పాలి. రాసేవాడికి తెలియక తప్పకూడదు.

సెక్షన్ల విషయంలో తేదీ చూసుకోండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మాది 2022 కథ కాబట్టి 420, 406 అని రాశాం. ఇప్పటి కథైతే మోసానికి 318(4), నమ్మకద్రోహానికి 316. ఫోర్ ట్వంటీ అన్న తిట్టును మాత్రం ఏ పార్లమెంటూ రద్దు చేయలేదు, డైలాగుల్లో నిక్షేపంగా వాడుకోవచ్చు.

ఏడేళ్ల వరకు శిక్ష పడే ఇలాంటి కేసుల్లో వెంటనే బేడీలు వేయడం కంటే, విచారణకు రమ్మని నోటీసు ఇవ్వడమే ఎక్కువ. పాత సీఆర్పీసీ సెక్షన్ పేరుతో అందరూ 41ఏ నోటీసు అంటారు. నాకిది చెప్పింది రిటైరైన ఒక హెడ్ కానిస్టేబుల్. విన్నాక బేడీల సీను తీసేశాను. మిట్టమధ్యాహ్నం ఒక కానిస్టేబులమ్మ సైకిల్ స్టాండు పక్కన నిలబడి నోటీసు మీద సంతకం పెట్టమంటుంది. పెన్ను రాయదు. రత్నం లోపలికెళ్లి, పద్దు రాసుకునే పెన్ను తెచ్చి సంతకం పెడుతుంది. జీపు అద్దె మిగిలింది, సీనూ మిగిలింది.

మనుషులు, తిండి, డబ్బులు

రత్నం పాత్రకు తెనాలి నుంచి ఒకావిడను తీసుకున్నాం, పరిషత్తు నాటకాలు ఆడతారు. బ్రహ్మాండమైన నటి. కాకపోతే ఆవిడ గొంతు చివరి వరస దాకా వెళ్తుంది, కెమెరా మూడడుగుల దూరంలో ఉంటుంది. నటన తగ్గించమని చెబితే ఎవరికైనా మనసు కష్టంగా ఉంటుంది, పైగా ఎలా తగ్గించాలో తెలియదు. అందుకని షూటింగ్‌కు మూడు వారాల ముందే ఆవిడను బాబాయ్ దగ్గర పనిలో కూర్చోబెట్టాను. రోజూ నాలుగు గంటలు కొక్కేలు అతికించడం. చేతులు పనిలో ఉంటే గొంతు దానంతట అదే దిగుతుంది. మూడో వారానికి డైలాగు చెబుతూ కూడా కళ్లు గొలుసు మీదే ఉండేవి. మీరు కూడా ప్రతి సీనులో ఆవిడ చేతికి ఒక పని ఇవ్వండి. ఊరికే నిలబడి బాధపడే సీను ఒక్కటీ రాయకండి.

డబ్బుల లెక్క పూర్తిగా ఇవ్వను, ఏడాదికేడాది మారిపోతుంది. రెండు మాటలు చెబుతాను. తిండి దగ్గర కక్కుర్తి పడొద్దు. మాకు తిండికే రెండు లక్షల పైన అయింది, ఒక్క రూపాయి కూడా దండగ అనిపించలేదు. చిన్న యూనిట్‌లో జీతం తక్కువైనా సర్దుకుంటారు, పప్పు నీళ్లగా ఉంటే సర్దుకోరు. రెండోది, బత్తాలు ఏ రోజువి ఆ రోజు సాయంత్రం ఇచ్చేయండి. డబ్బుల్లేని మనిషి కథ తీస్తూ మన దగ్గర పనిచేసేవాళ్లకు డబ్బులు ఎగ్గొట్టడం కంటే సిగ్గుమాలిన పని లేదు. నాకు ఒక కంపెనీ ఎగ్గొట్టిన ఏడు నెలల జీతం ఇప్పటికీ రాలేదు.

సినిమాలో పిల్లలుంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోండి. పిల్లల చేత రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మూడు గంటలకు మించి ఏకబిగిన అసలే కూడదు. వాళ్లకిచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్లాడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. కుక్కో గేదో నటించేటట్టుంటే భారత జంతు సంక్షేమ బోర్డు అనుమతి కూడా షూటింగ్‌కి ముందే కావాలి. మా కథలో మేక ఉండేది. ఇది తెలిశాక దాన్ని డైలాగులోకి మార్చేశాను. "మేకను అమ్మేశా" అంటుంది రత్నం, అయిపోయింది.

కెమెరా సంగతి త్వరగా, సౌండ్ సంగతి నిదానంగా

కెమెరా ఏదైనా పరవాలేదు. ఇలాంటి కథలు సగం ట్యూబులైట్ల కింద జరుగుతాయి కాబట్టి ఒక్కటి గుర్తుంచుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేముల్లో తీస్తూ షటర్ 180 డిగ్రీల దగ్గర వదిలేస్తే కొన్ని లైట్ల కింద బొమ్మ అలలు అలలుగా కొట్టుకుంటుంది. షటర్ 172.8 డిగ్రీలు పెట్టండి, లేదా 25 ఫ్రేముల్లో సెకనుకు యాభయ్యో వంతు దగ్గర తీయండి. చిన్న మానిటర్‌లో ఈ తేడా కనపడదు, ఎడిటింగ్ రూములో కనపడి ఏడిపిస్తుంది.

సౌండ్. మనకు డబ్బింగ్ అలవాటు. ఈ కథకు మాత్రం సింక్ సౌండే, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేయడమే కావాలని పట్టుబట్టాను, ఎందుకంటే బందరు యాసని హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్‌లో మళ్లీ తెప్పించడం నా వల్ల కాదు. ఇద్దరికి బట్టలకు తగిలించే లేపెల్ మైకులు, పైన కర్రకు కట్టి పట్టుకునే బూమ్ మైకు ఒకటి. అంతవరకు తెలివిగానే ఉన్నాను. తెలివితక్కువ పని ఏంటంటే షెడ్యూలు కార్తీకమాసంలో పెట్టుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఒక వీధిలో మైకు, సాయంత్రం ఇంకో వీధిలో మైకు. మాదే తప్పు, మాసం వాళ్లది. ఐదో రోజు నుంచి కాల్ షీట్ మార్చేసి, మాటలున్న సీన్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపు, మాటల్లేనివి పొద్దున, సాయంత్రం తీశాం. ఊళ్లో తీసేవాళ్లు ముందు పంచాంగం చూసుకోండి. ముహూర్తం కోసం కాదు, మైకుల కోసం.

ఇంకో మైకు సమస్య పట్టుచీరలతోనూ, గంజి పెట్టిన నూలు చీరలతోనూ వస్తుంది. లేపెల్ మీద కొంగు రాసుకుంటే మాట వినపడదు, కరకర వినపడుతుంది. రత్నం చీరలన్నీ నాలుగైదుసార్లు ఉతికించి మెత్తబరిచాం. పాత్రకూ అదే సరిపోయింది. ప్రతి లొకేషన్‌లో అందరినీ నోరు మూసుకోమని ఒక్క నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేయండి. ఫ్యాన్ చప్పుడు, దూరంగా బస్సు హారన్, ఏమున్నా సరే. ఎడిటింగ్‌లో రెండు షాట్ల మధ్య కుట్టు కనపడకుండా దాచేది ఆ నిమిషమే. మా పదకొండు మందినీ ఆ ఒక్క నిమిషం ఊరుకోబెట్టడం మొత్తం షూటింగ్‌లో అన్నిటికంటే కష్టమైన పని.

సర్టిఫికెట్, ఆ తర్వాత

థియేటర్‌లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. 2023 సవరణ తర్వాత పాత యూఏ మూడుగా చీలింది, యూఏ 7+, 13+, 16+ అని. మాకు 13+ వచ్చింది. ఎవరైనా సిగరెట్ కాలుస్తుంటే తెర మీద హెచ్చరిక వేయాలి, మొదట్లోనూ విశ్రాంతి తర్వాతా ఆరోగ్య ప్రకటన చూపించాలి. గీటురాయి మీద గీత మాయమయ్యే షాట్ కింద క్యాన్సర్ హెచ్చరిక రావడం నేను ఊహించుకోలేకపోయాను. అందుకని తాకట్టు కొట్టు ఆయన చేతిలో సిగరెట్ తీసేసి వక్కపొడి డబ్బా పెట్టాను. డబ్బా మూత తీసే టక్‌మనే శబ్దం ఆ పాత్రకు సిగరెట్ కంటే బాగా కుదిరింది.

ఫెస్టివల్స్‌కు పంపాలనుకుంటే యూట్యూబ్‌లో పెట్టకండి. చాలా ఫెస్టివల్స్ బయట ఎక్కడా వేయని సినిమానే అడుగుతాయి. మంచి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌కు డబ్బు దాచుకోండి. "కాసు"ని ఎలా అనువదించాలన్న దాని మీద మేం రెండు రోజులు కొట్టుకున్నాం. గోవాలో నవంబరులో ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్‌కు (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు) ఎడిటింగ్ దశలో ఉన్న సినిమాలు కూడా పంపుకోవచ్చు, గడువులు ముందే చూసుకోండి.

ఇక మార్పులు లేవని ఎడిటింగ్‌కు తాళం వేసేముందు ఇంకో పని చేయండి, ఆ పని తెలిసినవాళ్లకు సినిమా వేసి చూపించండి. నేను చేయలేదు కాబట్టి చెబుతున్నాను. అన్నీ అయిపోయి, మిక్సింగ్ కూడా పూర్తయ్యాక, చిలకలపూడిలో బాబాయ్ వాళ్ల పని షెడ్డులో తెల్ల దుప్పటి కట్టి సినిమా వేశాం. ముప్పై మంది దాకా వచ్చారు, సగం మంది పూసల పళ్లేలు ఒళ్లో పెట్టుకునే చూశారు. పిన్నిగారు గొలుసు ఎత్తి చూసే సీనులో షెడ్డంతా నిశ్శబ్దం. నాకు గొంతు పూడుకుపోయింది. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ అంది, "అమ్మాయ్, కొక్కెం తిరగేసి అతికించారేంటి?"

తొమ్మిదేళ్లు కంటిన్యుటీ రాసిన దాన్ని. ఇప్పటికీ ఆ షాట్ అలాగే ఉంది.